అమ్మమ్మ పట్టుచీర: ఉతకాలా, వద్దా?

చాలా ఇళ్లలో బీరువా అడుగు అరలోనో, ట్రంకుపెట్టెలోనో ఒక పాత పట్టుచీర ఉంటుంది. అది అమ్మమ్మ పెళ్ళిచీర కావచ్చు, నాయనమ్మ నోములకు కట్టుకున్నది కావచ్చు. తీసి చూస్తే జరీ నల్లబడి ఉంటుంది. కొంగు మీద ఎప్పటిదో పాయసం మరక ఉంటుంది. మడతల్లోంచి మగ్గిన వాసన వస్తుంది. "ఒక్కసారి ఉతికేస్తే సరి" అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పనికి పూనుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. పట్టు దేనికి దగ్గరి చుట్టం? నూలుకా, మీ తలవెంట్రుకకా?

నూలుకు అని చాలామంది అంటారు. రెండూ దారాలే, రెండూ మగ్గం మీద నేసినవే కదా! కాని జవాబు తప్పు. కావాలంటే మీరే పరీక్షించి చూడవచ్చు. పెద్దవాళ్ళు ఎవరైనా దగ్గర ఉన్నప్పుడు, చెంతనే ఒక గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ఈ పని చెయ్యండి. కొంగు కుచ్చుల్లోంచి ఒక పట్టుపోగు, ఒక నూలుపోగు, దువ్వెనలో చిక్కుకున్న ఒక వెంట్రుక తీసుకోండి. ఒక్కొక్కదాన్నే పట్టకారుతో పట్టుకుని దీపం మంట దగ్గర పెట్టండి. నూలుపోగు గబగబా మండుతుంది, కాగితం కాలిన వాసన వేస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టుపోగు అలా కాదు. మంట తగలగానే ముడుచుకుపోతుంది, మంట తీసెయ్యగానే దాదాపు ఆరిపోతుంది, చివర నల్లటి చిన్న పూస మిగులుతుంది. ఆ పూసను వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. ఇక వాసన సంగతి! అది అచ్చంగా వెంట్రుక కాలిన వాసన. (పూస గట్టిగా గాజుముక్కలా ఉండి నలగకపోతే అది పట్టు కాదు, పాలియెస్టరు. మీ అమ్మగారితో ఆ మాట నెమ్మదిగా చెప్పండి.)

నూలు చెట్టు ఇచ్చినది. అది సెల్యులోజు, అంటే కాగితానికీ కట్టెకూ చుట్టం. పట్టు పురుగు ఇచ్చినది. అది మాంసకృత్తు, అంటే ప్రోటీను. మన వెంట్రుక, గోరు, కోడి ఈక, గొర్రె ఉన్ని అన్నీ ఆ కుటుంబానివే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పట్టుచీరకు ఏది పడుతుందో, ఏది పడదో చాలావరకు మీరే చెప్పగలరు. తలను చాకలి సోడాతో రుద్దుకుంటామా? సలసల కాగే నీళ్ళు తల మీద పోసుకుంటామా? మరి పట్టుచీరకు ఆ శిక్ష ఎందుకు?

పురుగు నేసిన దారం

పట్టుపురుగు తలలో, కింది పెదవి దగ్గర సన్నని రంధ్రం ఉంటుంది. శరీరంలోని రెండు గ్రంథుల నుంచి రెండు పోగులు వచ్చి అక్కడ ఒకటిగా కలుస్తాయి. ఈ పోగుల పదార్థం పేరు ఫైబ్రాయిన్. రెండింటినీ అతికించి ఉంచే బంక పేరు సెరిసిన్. ముడిపట్టులో నూటికి 20 నుంచి 30 పాళ్ళు ఈ బంకే ఉంటుంది. పట్టును సబ్బునీళ్ళలో ఉడికించి బంక తీసేస్తేనే అది మెత్తబడుతుంది, మెరుస్తుంది. ఆ మెరుపుకు కారణం కూడా తమాషా అయినదే. ఫైబ్రాయిన్ పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా ఉండదు, మూలలు మొద్దుబారిన త్రిభుజంలా కనిపిస్తుంది. చదునైన ముఖాల మీద పడిన వెలుతురు చిన్న అద్దం మీద పడ్డట్టు తిరిగి వస్తుంది. పట్టు తళుకంతా ఆ త్రిభుజాలదే.

ఫైబ్రాయిన్ అణువు ఒక పొడవైన గొలుసు. దాని కడియాలు ఎమైనో ఆమ్లాలు. వాటిలో నూటికి 80కి పైగా గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే మూడు చిన్న రకాలే ఉంటాయి. కడియాలు చిన్నవి కాబట్టి గొలుసులు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా ఒదిగి కూర్చుంటాయి. అందుకే అంత సన్నని పోగుకు అంత బలం. అయితే కడియానికీ కడియానికీ మధ్య ఉన్న బంధాన్ని తెంచగల శత్రువులు ఉన్నారు. వారిలో మొదటిది క్షారం.

మా బడి ప్రయోగశాలలో నేను ఈ ప్రయోగం చేసి చూపిస్తుంటాను. మీరు సొంతంగా చెయ్యకండి, మీ సైన్సు మాష్టారినో టీచరుగారినో అడగండి. పరీక్షనాళికలో నూటికి 5 పాళ్ళ కాస్టిక్ సోడా ద్రావణం పోసి, ఒక పట్టుపోగు, ఒక నూలుపోగు వేసి వేడి చేస్తాను. కొద్దిసేపటికి నూలుపోగు ఒక్కటే మిగులుతుంది. పట్టు ఏమైంది? కరిగిపోయింది! గొలుసు తెగి, ముక్కలై, నీళ్ళలో కలిసిపోయింది. తెల్లబట్టలకు వాడే బ్లీచింగు ద్రావణం కూడా ఇదే పని చేస్తుంది, వేడి చెయ్యనక్కరలేకుండానే.

బట్టల సబ్బులో, సబ్బు పొడిలో కాస్టిక్ సోడా అంత ఘాటైన క్షారం ఉండదు. కాని పొడుల్లో సోడియం కార్బొనేట్ ఉంటుంది, అంటే చాకలి సోడాయే. ఒక చెంచాడు పొడి నీళ్ళలో కలిపి ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి, నీలంగా మారుతుంది. ఒక్క ఉతుకుతో చీర మాయమైపోదు. తళుకు తగ్గుతుంది, పోగు గరుకవుతుంది, రంగు వదులుతుంది. పదిసార్లు ఉతికేసరికి బట్ట వేరే బట్ట అయిపోతుంది.

రెండో శత్రువు మరీ గడుసుది. చాలా సబ్బు పొడుల్లో ఎంజైములు కలుపుతారు. ఈ ఆలోచన పాతదే. జర్మనీలో ఓటో రోమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైములతో బట్టలు ఉతకవచ్చని 1913లో పేటెంటు పొందాడు. నెత్తురు, పాలు, గుడ్డు మరకలు మాంసకృత్తులు కదా! మనం తిన్న పప్పును కడుపులో ఎంజైములు ఎలా జీర్ణం చేస్తాయో, ఆ మరకలను ఇవి అలా జీర్ణం చేస్తాయి. నూలు చొక్కాకు ఇది వరమే. మరి పట్టుచీరకు? ఆ ఎంజైముకు మరక మాంసకృత్తే, చీరా మాంసకృత్తే. ఏది తినాలో, ఏది వదలాలో దానికి ఎవరు చెబుతారు?

ఇప్పుడు కుంకుడుకాయ సంగతి చూద్దాం. దాని తొక్కులో సాపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. నీళ్ళలో నురగనిచ్చి, జిడ్డును పట్టి లాగేవి అవే. కుంకుడు రసంలో ఎర్ర లిట్మస్ ముంచండి, నీలం కాదు. అందులో ఉన్నది క్షారం కాదు, కొద్దిగా ఆమ్ల గుణం. ఇంకొక లాభం కూడా ఉంది. బోరునీళ్ళలో సబ్బు తెల్లటి తెట్టుగా విరిగి బట్టకు అంటుకుంటుంది, ఎందుకంటే ఆ నీళ్ళలోని కాల్షియంతో కలిసి సబ్బు కరగని పదార్థమవుతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు. జుట్టుకూ పట్టుకూ ఒకే కాయ వాడిన మన పెద్దలకు ఫైబ్రాయిన్ పేరు తెలియదు. కాని చేత్తో ముట్టుకుని తెలుసుకున్నది కూడా జ్ఞానమే సుమా! అయితే కుంకుడు రసానికి గోధుమరంగు ఉంది. తెల్లపట్టుకూ, లేత రంగులకూ ఆ చాయ అంటవచ్చు.

పాతపట్టు లెక్క వేరు

ఇంతవరకు చెప్పింది పట్టు అంతటికీ వర్తిస్తుంది. యాభై, అరవై ఏళ్ళ చీరకు మరికొన్ని కష్టాలు తోడవుతాయి.

అన్నిటికన్నా పెద్దది వెలుతురు. మనకు తెలిసిన సహజమైన పోగుల్లో ఎండకు త్వరగా చెడేది పట్టే. ఫైబ్రాయిన్ గొలుసులో అక్కడక్కడ టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే పెద్ద కడియాలు ఉంటాయి. ఇవి అతినీలలోహిత కిరణాలను పట్టుకుంటాయి. దానితో పట్టు పసుపు తిరుగుతుంది, గొలుసు తెగుతుంది. మ్యూజియంలో పాతబట్టలు పెట్టిన గది ఎప్పుడూ మసకగా ఎందుకు ఉంటుందో ఇప్పుడు తెలిసిందా? అక్కడ వెలుతురు 50 లక్స్‌కు మించకూడదని నియమం. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. పాతచీరను ఎండలో పరిచి వాసన పోగొడదాం అనుకునేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండోది మడత. ఒకే గీత మీద ఏళ్ళ తరబడి మడిచి ఉంచితే అక్కడి పోగులు వంగి వంగి విరుగుతాయి. మూడోది మన చేనేత చీరలకు అంతగా వర్తించదు కాని చెప్పకుండా ఉండలేను. ఉడికించి బంక తీస్తే పట్టు బరువు తగ్గుతుందన్నాం కదా? పట్టు అమ్మేది తూకం మీద. పోయిన తూకాన్ని పూడ్చుకోవడానికి 19వ శతాబ్దం చివరలో, 20వ శతాబ్దం మొదట్లో ఐరోపాలోనూ అమెరికాలోనూ పట్టును తగరపు లవణాల్లో ముంచేవారు. పోయిన బరువే కాదు, అంతకుమించి కూడా తిరిగి వచ్చేది. బట్ట దళసరిగా, గలగలలాడుతూ ఉండేది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ గౌన్లు పెట్టెలో పెట్టినవి పెట్టినట్టే చీలికలు పేలికలయ్యాయి. ఆనాటి విదేశీ పట్టు మీ ఇంట్లో ఉంటే దానికి నీళ్ళు తగలనివ్వకండి.

ఇక తడి. నూలు తడిస్తే బలం పెరుగుతుంది, పట్టు తడిస్తే తగ్గుతుంది. కొత్తపట్టు కూడా తడిసినప్పుడు 20 శాతం దాకా బలం కోల్పోతుంది. ముందే బలహీనమైన పాతచీర నీళ్ళు పీల్చి, బరువెక్కి, బకెట్టులోంచి ఒక చేత్తో పైకి లాగితే తన బరువుకు తానే చిరుగుతుంది.

ఆ మధ్య తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చింది. "మాష్టారూ, బడి వార్షికోత్సవానికి మా అమ్మమ్మ పెళ్ళిచీర కట్టుకుంటాను. ముందు ఉతకాలి, దేనితో ఉతకమంటారు?" అంది. "దేనితో అన్నది తర్వాత సంగతమ్మా. ఉతకవచ్చునా అన్నది ముందు చూద్దాం" అన్నాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ధర్మవరం చీర, ముదురు వంగపండు రంగు, ఎర్ర అంచు. నులకమంచం మీద తెల్లదుప్పటి పరిచి దానిమీద చీర విప్పాం. కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే రెండు మడతల గీతల మీద సన్నటి చీలికలు, వాటిలోంచి వెలుతురు సూదుల్లా వస్తోంది. తక్కినచోట్ల బట్ట బాగానే ఉంది. తెల్లగుడ్డ కొసను తడిపి, కట్టుకుంటే కనిపించని లోపలి చెంగున ఎర్ర అంచు మీద ఒక నిమిషం అదిమాను. గుడ్డకు ఎరుపు అంటింది.

ఈ రెండూ చాలు, ఉతకవద్దని చెప్పడానికి. అసలు కట్టుకోవడం కూడా మంచిది కాదని నా అభిప్రాయం. కాని వాళ్ళమ్మమ్మ ఒప్పుకోలేదు. "పెట్టెలో పెట్టి పూజ చెయ్యడానికా మాష్టారూ చీర? మనవరాలు కట్టుకుంటే నేను చూడాలి" అందావిడ. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. చివరకు రఫూ చేసే అతన్ని పిలిచారు. చీలికల వెనక మెత్తటి మల్లుగుడ్డ ముక్కలు పెట్టి, బలంగా ఉన్న భాగంలో మాత్రమే సన్నని పట్టుపోగుతో కుట్టాడు. చీరను నీడలో, గాలి ఆడేచోట రెండు పూటలు ఆరబెట్టారు. మగ్గిన వాసన చాలావరకు ఆ గాలికే పోయింది. పాయసం మరక అలాగే ఉంది. కుచ్చిళ్ళలోకి వెళ్ళిపోయింది కనుక ఎవరికీ కనిపించలేదు.

ఉతకవచ్చునని తేలితే

చీలికలు లేవు, రంగు అంటడం లేదు, పోగు లాగితే పుటుక్కున తెగడం లేదు. అప్పుడు ఉతకవచ్చు. పది పన్నెండు కుంకుడుకాయల గింజలు తీసేసి, తొక్కు రాత్రి నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. వెడల్పాటి టబ్బులో చల్లటి నీళ్ళు పోసి ఈ రసం కలపండి. చీరను పెద్ద మడతలుగా పరిచి ముంచి, అరచేతులతో మెల్లగా అదమండి. రుద్దవద్దు, బ్రష్షు వద్దు, బండ మీద బాదడం అసలే వద్దు. నాలుగైదు నిమిషాలు చాలు. నానబెట్టి ఇంకో పని చూసుకోవడానికి వెళ్ళకండి. తియ్యడం మాత్రం రెండు చేతులూ కింద పెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు తియ్యాలి. మూడుసార్లు మంచినీళ్ళలో జాడించి, పిండకుండా తువాలులో చుట్టి తడి అద్దాలి. తర్వాత నీడలో పరిచి ఆరబెట్టాలి. ఇస్త్రీ కొంచెం చెమ్మ ఉండగానే, తిరగవైపు, పైన పలుచని నూలుగుడ్డ వేసి తక్కువ వేడిలో చెయ్యాలి.

రంగు పోతున్న చీరను ఉప్పునీళ్ళలో వేస్తే రంగు నిలుస్తుందంటారు. నూలుకు రంగు అద్దేటప్పుడు ఉప్పు పనికి వచ్చే మాట నిజమే. అద్దేసిన రంగును తర్వాత పట్టి ఆపడం దానివల్ల కాదు. గద్వాల చీరలకు ఇంకో చిక్కుంది. నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. తడిస్తే రెండూ ఒకేలా ముడుచుకోవు, అంచు అలలు తిరుగుతుంది. అలాంటివాటిని తెలిసినవారికి ఇవ్వడమే మేలు.

నెయ్యి, నూనె మరకలకు నీళ్ళు పనిచెయ్యవు. మరక తాజాగా ఉంటే దానిమీద టాల్కం పౌడరు చల్లి, రాత్రంతా ఉంచి, మెల్లగా దులపండి. నూనెను పొడి పీల్చుకుంటుంది. సున్నం మాత్రం చల్లకండి, అది క్షారం. డ్రైక్లీనింగులో జరిగేది కూడా జిడ్డును జిడ్డు కరిగించే ద్రవంతో తియ్యడమే. పేరుకు 'పొడి' గాని అక్కడ బట్ట తడుస్తుంది, తడిపేది నీళ్ళు కాదు, అంతే. అమెరికాలో థామస్ జెన్నింగ్స్ అనే నల్లజాతి దర్జీ 1821లోనే ఇటువంటి పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో పెట్రోలుతో ఆ పని చేద్దామనుకోకండి. దాని ఆవిరి నేలబారున పాకి పక్కగదిలోని పొయ్యిని వెతుక్కుంటుంది.

నల్లబడిన జరీ

అసలైన పాతజరీ అంటే వెండితీగను రేకులా సాగగొట్టి, పట్టుపోగు చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూసినది. మన దేశంలో జరీకి పేరుపొందిన ఊరు సూరత్. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో కేక వేస్తూ వచ్చేవారికి కావలసింది పట్టు కాదు, ఆ వెండే. చీరను కాలిస్తే పట్టు పోతుంది, వెండి మిగులుతుంది.

బంగారు పూత చాలా పలుచనిది, దానిలో కంటికి కనిపించని సందులుంటాయి. గాలిలో కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా ఆ సందుల్లోంచి పోయి వెండిని పట్టి వెండి సల్ఫైడ్ అవుతుంది. నలుపు అదే. జరీలో రాగి ఉంటే చెమట తగిలిన చోట పచ్చటి చిలుము కూడా పడుతుంది. బీరువాలోకి గంధకం ఎక్కడినుంచి వస్తుంది? చీర మడతకు వేసిన రబ్బరు బ్యాండులోంచి! రబ్బరును గట్టిపరచడానికి కలిపేది గంధకమే. పక్కనే ఉన్ని శాలువ ఉంటే దానిలోంచి కూడా. ఉన్నిలో గంధకం బాగా ఉంది, పట్టులో దాదాపు లేదు. చుట్టాలైనా ఈ ఇద్దరినీ ఒకే పెట్టెలో పెట్టకూడదు.

చింతపండు, నిమ్మకాయ, పళ్ళపొడి పెట్టి జరీ తోమితే? రాగి చెంబు మెరిసినట్టు ఒక్క రోజు మెరుస్తుంది, మిగిలిన బంగారు పూత కూడా పోతుంది. తెలివైన విద్యార్థి ఇంకొకటి అడగవచ్చు. అల్యూమినియం రేకు, వేడినీళ్ళు, సోడా కలిపి నల్లబడిన వెండిగిన్నెను మెరిపించే ప్రయోగం ఉంది కదా, అది చేద్దామా అని. గిన్నెకు చెయ్యండి. చీరకు వద్దు. వేడి సోడానీళ్ళలో పట్టు గతి ఏమవుతుందో పైన చూశాం. నల్లబడిన జరీని అలాగే ఉంచడం నయం.

పెట్టెలో పెట్టేటప్పుడు

కట్టి విప్పిన చీరను వెంటనే మడవకండి, చెమట ఆరనివ్వండి. చెమటను సూక్ష్మజీవులు కుళ్ళబెడితే అమ్మోనియా పుడుతుంది, అదీ క్షారమే. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. వార్తాపత్రిక కాగితమూ వద్దు, దానిలో ఆమ్లం ఉంది, సిరా ఉంది. బాగా ఉతికిన పాత తెల్లపంచె అన్నిటికన్నా మంచి చుట్టు. మూడు నెలలకోసారి విప్పి మడత గీత మార్చాలి. మడత మధ్యలో మెత్తటి గుడ్డను చుట్టగా చుట్టి పెడితే పోగు పదునుగా వంగదు.

పురుగుల కోసం కలరా ఉండలు వేస్తాం. అవి నాఫ్తలీన్. కరగకుండానే ఆవిరవుతాయి. చీరకు తగలకుండా గుడ్డలో మూటగట్టి ఉంచాలి. వాటి పక్కన కర్పూరం మాత్రం పెట్టకండి. విడివిడిగా రెండూ గట్టి పదార్థాలే, కలిస్తే మన వేసవి వేడికే కరిగి నూనెలా కారి చీర మీద మరక చేస్తాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి. పెట్టెలోంచి తీసిన పట్టుగుడ్డలో వెంటనే పసిపిల్లలను చుట్టకూడదు. పుట్టుకతోనే జి సిక్స్ పి డి అనే ఎంజైము లోపించిన పిల్లలు ఉంటారు. నాఫ్తలీన్ ఆవిరి వాళ్ళ ఎర్ర రక్తకణాలను పగలగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. బారసాలకు అమ్మమ్మ చీర కావాలంటే ముందు చాలా రోజులు గాలికి ఆరబెట్టాలి. ఇంట్లో చంటిపిల్లలుంటే ఉండలు మానేసి, నీడలో బాగా ఎండిన వేపాకు మూటలు పెట్టుకోవచ్చు.

చుట్టిన పంచె పైన ఒక చీటీ కుట్టండి. ఏ ఊరి చీర, ఎవరిది, ఏ ఏడాది కొన్నది, ఎప్పుడు దేనితో ఉతికారు, మడత ఎప్పుడు మార్చారు అన్నవి అందులో ఉండాలి. పెన్సిలుతో రాయండి, పెన్నుతో వద్దు. సిరా చెమ్మకు పాకుతుంది, పెన్సిలులోని గ్రాఫైటు నీళ్ళలో కరగదు.